నిల్వ అపరాలు: పుచ్చుపురుగును తట్టుకునే గింజలు

పెసలు, మినుములు, కందులు, శనగలు, అలసందలు, ఉలవలు వంటి అపరాలను నిల్వలో తొలిచి తినే చిన్న పెంకుపురుగును తెలుగునాట పుచ్చుపురుగు అంటారు. అన్ని గింజలూ దీనికి ఒకే తీరుగా లొంగవు. కొన్నిటి మీద గుడ్లు తక్కువ పెడుతుంది. కొన్నిట్లో పిల్లపురుగు లోపలికి దిగినా బతకదు. ఇంకొన్నిట్లో బతుకుతుంది గానీ ఎదగడానికి మామూలుకన్నా చాలా రోజులు తీసుకుంటుంది. గింజకున్న ఈ గుణాన్నే పుచ్చుపురుగు నిరోధక శక్తి అంటారు. గత యాభై ఏళ్లలో దీని మీద చాలా పరిశోధన జరిగింది. అందులో విజయాలతో పాటు తప్పుడు అంచనాలు, మధ్యలో ఆగిపోయిన ప్రయత్నాలు కూడా ఉన్నాయి. ఏ పురుగును, ఏ గింజ, ఎందుకు ఆపుతోందన్నది విడివిడిగా అడగకపోతే ఈ విషయం అర్థం కాదు.

పురుగు, దాని బతుకు

మన దేశంలో అపరాలను ఎక్కువగా పాడుచేసేవి కలోసోబ్రూకస్ ప్రజాతికి చెందిన మూడు పురుగులు: ఛైనెన్సిస్, మాక్యులేటస్, అనాలిస్. ఛైనెన్సిస్‌కు 1758లో లినేయస్ పేరు పెట్టి, బియ్యంలో తిరిగే ముక్కుపురుగుల వరసలో చేర్చాడు. నిజానికి దీనికి అలాంటి పొడుగు ముక్కు లేదు. ఇది ఆకులు తినే పెంకుపురుగుల కుటుంబంలోది. అమెరికా ఖండం నుంచి వచ్చిన రాజ్మా గింజలకు వేరే శత్రువులున్నాయి: జాబ్రోటీస్, అకాంథోసెలిడీస్. వేరుశనగ కాయలను తొలిచే కారియెడాన్ మరొకటి. అది చింతగింజల్లోనూ పెరుగుతుంది.

రెక్కలొచ్చిన పెద్దపురుగుకు నిల్వలో తిండి అక్కర్లేదు. అది బతికేదే వారం, రెండు వారాలు. ఆ కాస్త వ్యవధిలోనే ఆడపురుగు వంద దాకా గుడ్లు పెడుతుంది. గింజను తినేదంతా పిల్లపురుగే.

పుచ్చు పడుతున్న పెసరగింజను ఒకదాన్ని అరచేతిలో వేసుకుని వెలుతురులో చూస్తే ఈ కథంతా దాని మీదే కనిపిస్తుంది. గుడ్డు గింజకు జిగురుతో గట్టిగా అంటుకుని ఉంటుంది, గోటితో గీరితే గానీ రాదు. కొత్తగా పెట్టిన గుడ్డు సన్నటి నీటిబొట్టులా మెరుస్తుంది. కొద్ది రోజులకు పిల్ల గుడ్డులోంచి బయటి గాలిలోకి రాకుండానే, గుడ్డు అడుగు నుంచి నేరుగా పొట్టును తొలుచుకుని గింజలోకి దిగుతుంది. తొలిచిన పొడిని వెనక్కి, తాను ఖాళీ చేసిన గుడ్డు పెంకులోకి నెడుతుంది. అందుకే పిల్ల దిగిన గుడ్డు సున్నపు చుక్కలా తెల్లబడుతుంది, చచ్చిన గుడ్డు పారదర్శకంగానే ఉండిపోతుంది. లోపల పిల్ల నాలుగు దశలు దాటి, పొట్టుకు ఆనుకుని చిన్న గది చేసుకుని గూడుదశలోకి వెళ్తుంది. అప్పుడు గింజ మీద మసక రంగులో గుండ్రటి మచ్చ కనబడుతుంది. కొన్నాళ్లకు పురుగు ఆ మచ్చను మూతలా గుండ్రంగా కోసి, తోసుకుని బయటపడుతుంది. ముప్పై డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి కన్నం దాకా ఇదంతా నెల తిరక్కుండానే ముగుస్తుంది.

గింజ మీద తెల్ల చుక్కలుండి ఎన్నాళ్లకూ కన్నం పడకపోతే, ఆ గింజ లోపల పిల్ల చచ్చిపోయిందన్నమాట. నిరోధక శక్తిని వెతికే శాస్త్రవేత్త చూసే మొదటి గుర్తు ఇదే. ఇంటి ఇల్లాలు కూడా చేటలో గింజలు పోసుకుని దీన్ని గుర్తుపట్టగలదు.

పురుగు ఎక్కడి నుంచి వస్తుందన్నది మరో ముఖ్యమైన సంగతి. కొత్త కుండలో, శుభ్రం చేసిన గాదెలో పోసినా గింజ పుచ్చుతోందని చాలామంది ఆశ్చర్యపోతారు. చేలో కాయ ఎండుతున్నప్పుడే పురుగు కాయల మీద, పగిలిన కాయల్లోని గింజల మీద గుడ్లు పెడుతుంది. పంట ఇల్లు చేరేటప్పటికే లోపల పిల్లలుంటాయి. మాక్యులేటస్‌కు మరో తెలివి ఉంది. గింజల్లో పిల్లలు కిక్కిరిసి, వేడి పెరిగినప్పుడు పుట్టే తరంలో ఎక్కువ దూరం ఎగరగల రూపం తయారవుతుంది. అది నిల్వ వదిలి చేలకు పోతుంది.

గింజ ఎక్కడ అడ్డుకుంటుంది

మొక్కలు పురుగులను తట్టుకునే తీరును ఆర్.హెచ్. పెయింటర్ 1951లో మూడుగా విడదీశాడు: పురుగు ఇష్టపడకపోవడం, తిన్న పురుగుకు హాని జరగడం, దెబ్బ తిన్నా మొక్క తట్టుకుని నిలబడడం. మూడోది నిల్వ గింజకు పెద్దగా వర్తించదు. ఆకు పోతే మొక్క మళ్లీ చిగురిస్తుంది గానీ, తొలిచేసిన పప్పు తిరిగి నిండదు. కాబట్టి అపరాల విషయంలో చూడాల్సినవి ముఖ్యంగా మొదటి రెండే.

ఇష్టాయిష్టాలు గింజ పైభాగాన్ని బట్టి ఉంటాయి. నున్నగా, పెద్దగా ఉన్న గింజ మీద గుడ్లు ఎక్కువ పడతాయి. ముడతలతో గరుకుగా ఉండే దేశవాళీ శనగకన్నా పలచటి పొట్టున్న కాబూలీ శనగ తొందరగా పుచ్చడానికి ఇదొక కారణం. మినుముల వ్యాపారంలో పాలిష్, సాదా అని విడదీసినట్టే పెసల్లోనూ మెరిసే గింజలు, మసక గింజలు ఉన్నాయి. మసక పెసర మీద కాయ లోపలి పొర ఒకటి సన్నగా అంటుకుని ఉంటుంది. ఈ పొర ఉన్న చిన్న గింజల రకాలకు పురుగు నష్టం తక్కువని ఆస్ట్రేలియాలో 2000లో వెలువడిన పరిశోధన చెప్పింది.

అయితే పైపొర మీద మరీ భరోసా పెట్టుకోకూడదు. ప్రయోగశాలల్లో మాక్యులేటస్ చేత గాజుపూసల మీద కూడా గుడ్లు పెట్టించారు. ఎంచుకునే వీలున్నప్పుడే పురుగుకు ఇష్టాయిష్టాలు. గాదె నిండా ఒకే రకం గింజ ఉంటే దొరికినదాని మీదే పెడుతుంది. అసలు పోరు పొట్టు దాటాక, పిల్లపురుగు పొట్టలో జరుగుతుంది. గింజ తనలో దాచుకున్న మాంసకృత్తులు, పిండి రేపటి మొలకకు తిండి. వాటిని పురుగు అరిగించుకోకుండా చేసే పదార్థాలూ అదే గింజలో ఉంటాయి. పురుగు జీర్ణరసాలను కట్టడి చేసేవి కొన్ని, పేగు గోడకు అంటుకుని పోషకాలు ఒంటికి పట్టనివ్వనివి కొన్ని, అసలు అరగనివి కొన్ని.

అలసంద: తప్పుగా గుర్తించిన కారణం

పశ్చిమ ఆఫ్రికాలో అలసంద పేదవాడి మాంసం లాంటి పంట. అక్కడ మాక్యులేటస్ చేసే నష్టం చూసి, నైజీరియాలోని ఇబాదాన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ 1970లలో వేల రకాల అలసందలను పురుగు ముందు పెట్టి పరీక్షించింది. టీవీయూ 2027 అనే రకం ప్రత్యేకంగా నిలిచింది. దాని గింజల్లో పిల్లపురుగులు చాలావరకు తొలి దశల్లోనే చచ్చిపోయాయి, మిగిలినవి నెమ్మదిగా పెరిగాయి. ఈ గుణం వెనక రెండు అంతర్గత జన్యువులున్నాయని తర్వాత తేలింది. అంటే రెండూ తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా వస్తేనే గుణం కనబడుతుంది.

కారణం ఏమిటి? ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1979లో ఒక జవాబు చెప్పారు. ఈ రకంలో ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని అడ్డుకునే మాంసకృత్తు మామూలుకన్నా ఎక్కువగా ఉందని, పురుగు చావుకు అదే కారణమని వాళ్లు భావించారు. ఆ వాదన ఎంతగా నమ్మకం కలిగించిందంటే, 1987లో అదే మాంసకృత్తు జన్యువును పొగాకులోకి మార్చారు. ఆ పొగాకు ఆకులు తినే లద్దెపురుగులను నిజంగానే తట్టుకుంది.

చిక్కు అలసంద దగ్గరే వచ్చింది. పుచ్చుపురుగు పిల్ల మాంసకృత్తులను ప్రధానంగా ట్రిప్సిన్‌తో కాక, సిస్టీన్ రకానికి చెందిన మరో జీర్ణరసంతో అరిగించుకుంటుందని 1980ల మధ్యలో తేలింది. పురుగు ఆధారపడని రసాన్ని అడ్డుకుంటే దానికి పెద్ద నష్టం ఉండదు. 1989లో బ్రెజిల్ శాస్త్రవేత్త షావియర్ ఫిల్యో బృందం ఈ పాత వివరణను నేరుగా ప్రశ్నించింది. టీవీయూ 2027లోని విసిలిన్ అనే నిల్వ మాంసకృత్తే కాస్త భిన్నంగా ఉందని, అది పురుగు పేగులోని కైటిన్ అనే పదార్థానికి అంటుకుని పోషణను దెబ్బతీస్తోందని తర్వాతి పరిశోధనలు చూపాయి. గింజ తిండిగా దాచుకున్న పదార్థమే పురుగుకు గొంతులో వెలక్కాయ అయింది. ఈ కథను కాస్త విస్తారంగా చెప్పడానికి కారణముంది. ఒక రకం నిలబడిందని తెలియడానికి ఒకటి రెండు సీజన్లు చాలు. అది ఎందుకు నిలబడిందో తెలుసుకోడానికి పదేళ్లు పట్టింది, ఆ లోపే తప్పుడు కారణం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది.

టీవీయూ 2027 మరో పాఠం కూడా నేర్పింది. మాక్యులేటస్ అన్నిచోట్లా ఒకేలా లేదు. ఒక దేశం నుంచి తెచ్చిన పురుగులు ఈ గింజలో చస్తే, మరో దేశం నుంచి తెచ్చినవి మెరుగ్గానే పెరిగాయి. ఇదే గింజ మీద తరాల తరబడి పురుగును పెంచితే బతికేవాటి శాతం పెరుగుతూ పోయిందని డిక్, క్రెడ్లండ్ 1986లో చూపారు. నెలకో తరం చొప్పున పెరిగే పురుగుకు మారడానికి ఎక్కువ కాలం అక్కర్లేదు.

పెసర, మినుము

పెసరకు నిరోధక శక్తి మడగాస్కర్ నుంచి వచ్చింది. అక్కడి అడవి పెసరల్లో టీసీ 1966 అనే నమూనాకు ఛైనెన్సిస్‌ను గట్టిగా తట్టుకునే శక్తి ఉందని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజీ, మియాజాకి 1987లో ప్రకటించారు. దీని వెనక ఒకే ఒక బహిర్గత జన్యువు, అంటే తల్లి, తండ్రిలో ఒకరి నుంచి వచ్చినా గుణం కనబడే జన్యువు, ఉందని మరుసటి ఏడాదే తేలింది. ప్రజననకారులకు ఇంతకన్నా కావలసిందేముంది? ఒకే జన్యువు, అదీ బహిర్గతం, పెసరతో సులువుగా సంకరం అయ్యే మొక్కలో దొరికింది. 1992లో దాని స్థానాన్ని జన్యుపటంలో గుర్తించారు కూడా.

ఆ తర్వాత దారి ఇరుకైంది. అడవి పెసరతో పాటు చిన్న గింజ, ఎండగానే చిట్లిపోయే కాయ కూడా వచ్చాయి. గింజలో విగ్నాటిక్ ఆమ్లాలనే పురుగు చంపే పదార్థాలు దొరికాయి. ఈ వంశపు పెసలను ఎలుకలకు పెట్టి చూసినప్పుడు రక్త పరీక్షల్లో కొన్ని తేడాలు కనబడ్డాయి. పురుగును చంపేది మన పిల్లల కిచిడీలోకి వస్తే ఏమిటన్న ప్రశ్నను ఎవరూ పక్కన పెట్టలేరు. విగ్నాటిక్ ఆమ్లాల జన్యువు, నిరోధక జన్యువు పక్కపక్కనే ఉన్నా రెండూ వేరని, ఆమ్లాలు లేకపోయినా గింజ పురుగును తట్టుకోగలదని 1998లో తెలిశాక కొంత ఊరట కలిగింది. పురుగును తట్టుకునే పెసరగింజలో డిఫెన్సిన్ అనే చిన్న మాంసకృత్తును 2002లో తైవాన్ పరిశోధకులు గుర్తించారు.

సాగు పెసరల్లోనే నిరోధకం దొరికితే ఈ బాధ తక్కువ. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం సేకరణలో వీ 2709, వీ 2802 అనే నమూనాలు అలా దొరికాయి. కొరియా, చైనా ప్రజననకారులు వీ 2709ను వాడుకుని తట్టుకునే పెసర రకాలు తయారుచేశారు. ఈ నమూనాలో గుణానికి ముఖ్యమైన అభ్యర్థిగా పాలీగాలక్ట్యురొనేజ్ నిరోధకం అనే మాంసకృత్తు జన్యువును థాయ్‌లాండ్ కసెట్సార్ట్ విశ్వవిద్యాలయం బృందం 2016లో చూపింది. మొక్క కణాల గోడల్లోని పెక్టిన్‌ను కరిగించే రసాన్ని ఇది అడ్డుకుంటుంది.

మినుము సంగతి విచిత్రం. ఛైనెన్సిస్‌ను సాగు మినుమే తట్టుకుంటుంది. మాక్యులేటస్‌కు మాత్రం ఆ మినుమే లొంగిపోతుంది. చూడ్డానికి అన్నదమ్ముల్లాంటి ఈ రెండు పురుగులకు ఒకే గింజ ఒకరికి విషం, మరొకరికి విందు. అందువల్ల ఫలానా రకం పుచ్చు పట్టదని ఎవరైనా అన్నప్పుడు, ఏ పురుగుతో పరీక్షించారని అడగడం అవసరం. మాక్యులేటస్‌ను కూడా తట్టుకునే శక్తి మినుముకు పూర్వరూపమైన అడవి మినుములో, అంటే విగ్నా ముంగో సిల్వెస్ట్రిస్‌లో ఉంది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం దీన్ని గుర్తించి, సాగు మినుముతో సంకరం చేసి, గుణం వెనక రెండు జన్యువులున్నాయని తేల్చింది.

ఇదే కుటుంబంలో రైస్‌బీన్ అనే గింజ ఉంది. ఈశాన్య రాష్ట్రాల కొండల్లో, హిమాలయ ప్రాంతాల్లో పండిస్తారు. మూడు కలోసోబ్రూకస్ పురుగులనూ ఇది నిలువరిస్తుంది. తరతరాలుగా మనుషులు తింటున్న గింజ కాబట్టి భద్రత గురించి బెంగ తక్కువ. కానీ పెసరతో, మినుముతో దీన్ని సంకరం చేయడం కష్టం.

రాజ్మాలోని ఆర్సెలిన్, బఠాణీలో దాని తోబుట్టువు

కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రంలో సాగు రాజ్మా రకాలు వేలకొద్దీ పరీక్షించినా చెప్పుకోదగ్గ నిరోధకం దొరకలేదు. మెక్సికో అడవి రాజ్మాల్లో 1983 ప్రాంతంలో దొరికింది. వాటిలో సాగు రకాల్లో లేని ఒక మాంసకృత్తును విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూశారు. ఆ గింజలు దొరికిన మెక్సికో ఊరు ఆర్సెలియా పేరు మీద దానికి ఆర్సెలిన్ అని పేరు పెట్టారు. అది జాబ్రోటీస్ పురుగును చంపుతుందని 1988లో నిరూపించారు. అకాంథోసెలిడీస్ మీద దాని ప్రభావం అంత గట్టిగా లేదు. సంకరంతో వచ్చిన వంశాలకు ‘రాజ్’ అనే పేరు పెట్టారు. జాబ్రోటీస్‌ను తట్టుకునేవి అని చెప్పే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలవి. తెలుగువాడి చెవికి అది రాజ్మాకు తగిన పేరే.

సాగు గింజలో లేనిది అడవి గింజలో ఎందుకుంది? మనిషి వేల ఏళ్లుగా పెద్ద గింజను, తొందరగా ఉడికేదాన్ని, కడుపుకు తేలికగా ఉండేదాన్ని ఏరుకుంటూ వచ్చాడు. కొద్ది మొక్కలతోనే సాగు మొదలైంది కనుక కొన్ని గుణాలు అసలు పొలానికి రానేలేదు. నా ఉద్దేశంలో ఈ అన్వేషణ మొత్తానికి అడవి బంధువుల విత్తనాలను సేకరించి దాచినవాళ్ల రుణమే పెద్దది.

ఆర్సెలిన్‌కు తోబుట్టువు ఆల్ఫా అమైలేజ్ నిరోధకం. సాగు రాజ్మాల్లో ఉండే ఇది పురుగు పిండిని అరిగించుకోకుండా చేస్తుంది. మాక్యులేటస్, ఛైనెన్సిస్ రెండూ దీనికి లొంగుతాయి. రాజ్మాలో పెరగడానికి అలవాటుపడ్డ జాబ్రోటీస్ మాత్రం లొంగదు. ఈ జన్యువును బఠాణీలోకి మార్చగా 1994లో అద్భుత ఫలితం వచ్చింది: పురుగులు గింజలో పెరగలేదు. ఆస్ట్రేలియాలో పొలం పరీక్షల దాకా వెళ్లింది. 2005లో ఆ బఠాణీ తిన్న ఎలుకల్లో అలర్జీ తరహా స్పందన కనబడడంతో పని ఆపేశారు. 2013లో మరో బృందం మళ్లీ పరీక్షిస్తే, జన్యువు మార్చని మామూలు బఠాణీకి, రాజ్మాకు కూడా ఎలుకల్లో అలాంటి స్పందనే కనబడింది. అప్పటికి బఠాణీ అటకెక్కింది. ఇదే జన్యువుతో అస్సాం వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2004లో శనగ మొక్కలు తయారుచేశారు. అవి రైతుల చేతికి రాలేదు.

కంది, శనగల సాగు రకాల్లో పైన చెప్పినంత బలమైన నిరోధక శక్తి దొరకలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు అడవి కంది జాతుల్లో, ముఖ్యంగా కజానస్ అక్యూటిఫోలియస్ నుంచి వచ్చిన వంశాల్లో దీన్ని వెతికారు.

లెక్క వేసే తీరు

పరీక్ష సాదాసీదాగానే ఉంటుంది. లెక్కపెట్టిన గింజలు డబ్బాలో పోసి, కొత్తగా పుట్టిన ఆడ, మగ పురుగులను వదులుతారు. కొద్ది రోజులకు పురుగులను తీసేసి గుడ్లు లెక్కపెడతారు. తర్వాత రోజూ బయటపడే పురుగులను, అందుకు పట్టిన రోజులను, గింజ తగ్గిన బరువును రాసుకుంటారు. 1971లో హౌ ఇచ్చిన సూచికలో బయటపడిన పురుగుల శాతానికి సంవర్గమానం తీసి, దాన్ని సగటు రోజులతో భాగిస్తారు. ఒకే రకం గింజతో చేసే పరీక్షను, పక్కపక్కన అనేక రకాలు పెట్టి పురుగుకు ఎంపిక ఇచ్చే పరీక్షను విడిగా చదవాలి. మొదటిదే గాదెకు దగ్గర.

రోజులు పెరగడం కూడా మామూలు లాభం కాదు. ఊహించుకుని లెక్కవేద్దాం. ఒక రకంలో తరానికి 25 రోజులు, ఇంకో రకంలో 40 రోజులు పడుతుందనీ, రెంటిలోనూ పురుగులు తరానికి పది రెట్లవుతాయనీ అనుకుందాం. 200 రోజుల్లో మొదటి రకంలో ఎనిమిది తరాలు, ఒక్కో పురుగుకు పది కోట్లు. రెండో రకంలో అయిదు తరాలు, లక్ష. పిల్లలు చావకుండా, కేవలం నెమ్మదించడంతోనే వెయ్యి రెట్ల తేడా వచ్చింది. నిజ జీవితంలో గింజ అయిపోతుంది, పురుగు పురుగును తోసుకుంటుంది కాబట్టి అంకెలు ఇంత ఎగబాకవు. కానీ పూర్తి నిరోధకం లేని రకాన్ని పనికిరాదని పారేయకూడదనడానికి ఈ లెక్క చాలు.

మన గాదెలో

మన పల్లెల్లో గింజను కాపాడే పద్ధతులు పాతవే: ఎండలో బాగా ఆరబోసి వేడి తగ్గాక పోయడం, బూడిద, వేపాకు కలపడం, కందులకు ఎర్రమన్ను పట్టించడం, పప్పుగా పగలగొట్టి దాచడం. పగలగొట్టిన పప్పు మీద పురుగుకు గుడ్డు పెట్టడం అంత అనువుగా ఉండదు. కిలోకు అయిదు మిల్లీలీటర్ల నూనె పట్టించినా గుడ్లు చస్తాయి. గాలి చొరబడని సంచులు ఇటీవల వచ్చాయి. తట్టుకునే రకం వీటిలో దేనికీ పోటీ కాదు. పురుగు నెమ్మదిస్తే ఇవన్నీ ఇంకా బాగా పనిచేస్తాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుము విత్తనం చల్లుతారు. నవంబరు, డిసెంబరులో చల్లిన ఆ పంటను ఫిబ్రవరి, మార్చిలో నూరుస్తారు. మళ్లీ చల్లేదాకా విత్తనం ఎనిమిది తొమ్మిది నెలలు ఇంట్లో ఉండాలి, అందులో మండు వేసవి, వానాకాలం రెండూ ఉన్నాయి. పురుగుకు ఇంతకన్నా అనువైన కాలం లేదు. తరాల మీద తరాలు ఎక్కుతాయి. ఇక్కడి మినుము రకాల తయారీలో చాలాకాలంగా ముందున్న లక్ష్యాలు పల్లాకు తెగులు, బూడిద తెగులు, దిగుబడి. గింజ నిల్వ గుణం ఆ వరసలో వెనకే ఉండిపోయింది. మాక్యులేటస్‌ను తట్టుకునే అడవి మినుము జన్యువులు మాత్రం చేతికందే దూరంలో, ట్రాంబే సంకరాల్లో ఉన్నాయి. వాటిని చిన్న గింజ, చిట్లే కాయల నుంచి విడదీసి పెద్ద గింజ మినుములోకి తేవాలంటే మళ్లీ మళ్లీ సాగు రకంతో సంకరం చేసి, ప్రతి తరంలో గింజను పురుగు ముందు పెట్టి చూడాలి.